చెత్త కుప్పల క్రింద ఉన్న వీధి



ఈ వారం ధ్యానానికి ఆధారం నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయం 10వ వచనం. దయచేసి బైబిలు తెరిచి ఆ వచనం ఒకసారి చదువుకొని రండి. యెరూషలేము గోడ సగం ఎత్తు లేచింది. శత్రువులు ఎగతాళి చేస్తున్నారు. అప్పుడు యూదావారు నెహెమ్యా దగ్గరకు వచ్చి చెప్పిన మాట శత్రువుల గురించి కాదు, చెత్త గురించి. మోసేవాళ్ళకు బలం చాలడం లేదు, చెత్త చూస్తే కొండలా ఉంది, ఇక మా వల్ల కాదు అన్నారు.

మేము ఎన్నో ఏళ్ళుగా నెహెమ్యా గ్రంథం మీద వాక్యం చెబుతూ వచ్చాం. గోడ గురించి, గుమ్మాల గురించి, ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం పట్టినవాళ్ళ గురించి చెప్పాం. ఈ చెత్త వచనం మీద మాత్రం ఎప్పుడూ ఆగలేదు. ఆగేలా చేసింది కాబూలు నగరంలో ఒక పేట చరిత్ర. దాన్ని ఈ రోజు మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాం.

కాబూలు అంటే మనకు చాలా దూరం అనిపిస్తుంది. కాని మన వంటింట్లో ఇంగువ డబ్బా ఉంది కదా, ఆ ఇంగువకు కావలసిన పాలు కారే మొక్కలు పెరిగే దేశాల్లో ఆఫ్ఘనిస్తాన్ ఒకటి. కిస్‌మిస్, అంజూర పళ్ళు అమ్ముకుంటూ మన దేశమంతా తిరిగిన కాబూలీవాలాల గురించి పెద్దవాళ్ళు వినే ఉంటారు. కాబట్టి మరీ తెలియని ఊరేమీ కాదు.

ఒక పేట పుట్టిన కథ

18వ శతాబ్దంలో ఆఫ్ఘన్ రాజు తైమూర్ షా తన రాజధానిని కందహారు నుండి కాబూలుకు మార్చాడు. రాజు వెంట సైనికులు, లేఖకులు, అధికారులు వచ్చారు. వాళ్ళలో ఖిజిల్‌బాష్ అనే షియా ముస్లిములు చాలామంది. కాబూలు నదికి ఉత్తరపు ఒడ్డున, రాజకోటకు దగ్గరలో వాళ్ళు స్థిరపడిన పేటల్లో ఒకటి మురాద్ ఖానీ.

ఆ ఇళ్ళ కట్టడం మన పాత పల్లె ఇళ్ళను గుర్తుకు తెస్తుంది. చెక్క చట్రం నిలబెట్టి, మధ్యలో పచ్చి ఇటుక పేర్చి, మట్టిలో గడ్డి కలిపి పూసేవారు. మన అమ్మమ్మలు మట్టిలో ఊక కలిపి గోడలు మెత్తినట్టే. భూకంపం వస్తే చెక్క చట్రం కాస్త ఊగి నిలబడుతుంది. వీధిలో నుండి చూస్తే వట్టి మట్టి గోడే. లోపలికి వెళ్తే నాలుగు వైపులా గదులు, మధ్యలో వాకిలి, ఆ వాకిలి వైపు దేవదారు చెక్కతో చెక్కిన కిటికీలు, జాలీలు. ఆ ఇంటి అందమంతా లోపలివాళ్ళకే. వీధికి గొప్ప చూపించుకోవడం ఆ ఇళ్ళకు తెలియదు.

ఇలాంటి ఇళ్ళు కట్టాలంటే ఎన్ని చేతులు కావాలి? వడ్రంగి, తాపీవాడు, కొలిమి పనివాడు, కుమ్మరి, సున్నం పనివాడు, చక్కటి అక్షరాలు రాసే లేఖకుడు. పేట అంటే ఇళ్ళ వరుస మాత్రమే కాదు. ఒకరి పని మీద ఒకరు ఆధారపడి బ్రతికే మనుషులు.

ఎలా పాడైంది

ఒక్క దెబ్బకు పాడైన ఊరు కాదు కాబూలు. 1839లో ఇంగ్లీషువాళ్ళ సైన్యం ఆ దేశంలోకి వెళ్ళింది. 1842 జనవరిలో, మంచులో, తిరుగు ప్రయాణంలో దాదాపు నాశనమైపోయింది. ఆ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. ఆ సంవత్సరం చివరలో ఇంగ్లీషువాళ్ళు పగ తీర్చుకోవడానికి మళ్ళీ వచ్చారు. కాబూలులో చార్ చత్తా అనే ప్రసిద్ధమైన కప్పు బజారును కూల్చివేశారు. కాబూలుకు ఉత్తరాన కొండ వాలులో ఉన్న ఇస్తాలిఫ్ అనే ఊరిని తగలబెట్టారు. ఆ ఇస్తాలిఫ్ కుమ్మరుల ఊరు. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

20వ శతాబ్దంలో మరో రకమైన ప్రమాదం వచ్చింది. పాత పేటలు కూల్చి, వెడల్పు రోడ్లు, కాంక్రీటు మేడలు కట్టాలని నగర ప్రణాళికలు గీశారు. పాతది అంటే వెనకబడినది అనుకున్నారు. కొంత కూల్చారు. మిగిలినదాన్ని బాగుచేయకుండా వదిలేశారు. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం వచ్చింది, 1989లో వెళ్ళిపోయింది. 1992 నుండి 1996 వరకు సొంత దేశపు వర్గాలే నగరం మధ్యలో రాకెట్లతో కొట్టుకున్నాయి. 1996లో తాలిబాన్ వచ్చారు. 1990ల చివర్లో ఇస్తాలిఫ్ మళ్ళీ కాలింది. కుమ్మరులు కొలిములు వదిలి పారిపోయారు.

ఇన్నేళ్ళలో మురాద్ ఖానీకి ఏమైంది? ఉన్నవాళ్ళు ఊరు విడిచారు. ఎటూ పోలేనివాళ్ళు, ఇతర చోట్ల నుండి పారిపోయి వచ్చిన బీదలు ఆ కూలిన ఇళ్ళలో తలదాచుకున్నారు. మురుగు కాలువ లేదు, మంచినీళ్ళు లేవు. నగరపు చెత్త తెచ్చి అక్కడ పోసేవారు. ఒక సంవత్సరం కాదు, రెండు సంవత్సరాలు కాదు, ఏళ్ళ తరబడి. చివరికి వీధి మట్టం రెండు మీటర్ల మేర పైకి లేచింది. అంటే ఒక మనిషి ఎత్తు కన్నా ఎక్కువ. ఒకప్పుడు వీధిలో నుండి నేరుగా నడిచి వెళ్ళే గుమ్మాలు ఇప్పుడు సగం పాతిపెట్టబడ్డాయి. మనుషులు వంగి, దిగి తమ ఇళ్ళలోకి వెళ్ళవలసి వచ్చింది.

బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చినప్పుడు ఎవరిని పట్టుకుపోయాడో 2 రాజులు 24:14లో చూడండి. అధిపతులను, పరాక్రమశాలులను, వారితో పాటు కంసాలులను, కమ్మరివారిని. బీదవాళ్ళను మాత్రం వదిలేశాడు. ఒక ఊరు మళ్ళీ లేవకుండా చేయాలంటే దాని పనివాళ్ళ చేతులు తీసేస్తే చాలునని ఆ రాజుకు తెలుసు. కాబూలులో ఎవరూ వాళ్ళను సంకెళ్ళు వేసి తీసుకుపోలేదు. యుద్ధం, ఆకలి, నిర్లక్ష్యం ఆ పని చేశాయి.

మొదటి పని పార పట్టడం

2006లో టర్కోయిజ్ మౌంటెన్ అనే ధర్మ సంస్థ మొదలైంది. అప్పట్లో ఇంగ్లాండు యువరాజుగా ఉండి ఇప్పుడు రాజైన చార్లెస్ దాని స్థాపకుడు. ఆనాటి ఆఫ్ఘన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ సహకరించాడు. ముందుండి నడిపినవాడు రోరీ స్టీవర్ట్. ఈయన 2002 చలికాలంలో హెరాత్ నుండి కాబూలు వరకు కాలినడకన వెళ్ళిన మనిషి.

ఆ పేరుకు ఒక కథ ఉంది. పారసీ భాషలో ఫిరోజ్‌కోహ్ అంటే ఫిరోజా రాయి రంగు కొండ అని అర్థం. అది ఆ దేశపు మధ్య కొండల్లో గోరీ రాజులకు రాజధానిగా ఉన్న నగరం. 1222లో మంగోలులు దాన్ని నేలమట్టం చేశారు. ఇప్పుడు అక్కడ జామ్ అనే చోట సుమారు 65 మీటర్ల ఎత్తున్న ఇటుక స్తంభం ఒక్కటే లోయలో ఒంటరిగా నిలబడి ఉంది. చచ్చిపోయిన నగరం పేరును, ఒక నగరాన్ని బ్రతికించడానికి పుట్టిన సంస్థకు పెట్టుకున్నారు.

వాళ్ళు మురాద్ ఖానీకి వచ్చినప్పుడు చెక్కడం పని, రంగులు, నగిషీలు మొదట చేయలేదు. చెత్త ఎత్తారు. ఆ పేటవాళ్ళకే కూలి ఇచ్చి, పారలు, చేతి బండ్లు ఇచ్చి ఎత్తించారు. ఎత్తిన చెత్త వేల వేల ఘనపు మీటర్లు. వీధి మట్టం మళ్ళీ రెండు మీటర్లు దిగింది. పాతిపోయిన గుమ్మాలు బయటపడ్డాయి. ఆ తర్వాత కాలువలు, నీళ్ళు, కరెంటు. ఆ తర్వాత కూలిపోబోతున్న గోడలకు ఆసరా. ఆ తర్వాతే చెక్కడం పని. కొన్నేళ్ళలో 100కు పైగా పాత కట్టడాలు బాగయ్యాయి. పేటలో ఒక ప్రాథమిక పాఠశాల, ఒక వైద్యశాల వచ్చాయి. 2008లో ప్రపంచంలో అపాయంలో ఉన్న ప్రాచీన స్థలాల జాబితాలో మురాద్ ఖానీ పేరు కూడా చేరింది. కూల్చివేయాలనుకున్న పేట కాపాడవలసిన పేట అయింది.

ఇక్కడే నెహెమ్యా 4:10 మాకు కొత్తగా వినబడింది. గోడ కట్టడానికి అడ్డుపడింది సన్బల్లటు ఒక్కడే కాదు. కింద పేరుకుపోయిన చెత్త కూడా. చెత్త మీద గోడ కడితే నిలబడదు. కాని చెత్త ఎత్తడం ఎవరికీ పేరు తెచ్చే పని కాదు. శంకుస్థాపన రాయి మీద పేరు చెక్కించుకోవడానికి చాలామంది వస్తారు. బుట్ట మోయడానికి ఎంతమంది వస్తారు? దేవుడు మాత్రం ఆ బరువులు మోసేవాళ్ళ అలసటను కూడా తన గ్రంథంలో రాయించాడు.

మనుషులను పంపించకుండా

మరొక సంగతి చూడండి. పాత పేటను బాగుచేయడానికి లోకంలో సులభమైన పద్ధతి ఒకటుంది. బీదవాళ్ళను ఖాళీ చేయించి, ఇళ్ళకు రంగులు వేసి, హోటళ్ళు పెట్టడం. గోడలు బాగుపడతాయి, మనుషులు మాయమవుతారు. మురాద్ ఖానీలో పని ఆ దారిలో పోలేదు. అక్కడ ఉన్నవాళ్ళ కోసం, అక్కడ ఉన్నవాళ్ళ చేతులతో జరిగింది.

నెహెమ్యా 3వ అధ్యాయం చదవడానికి చాలామందికి విసుగు. అన్నీ పేర్లే. కాని ఆ పేర్లలోనే సువార్త ఉంది. ఎవరి ఇంటి ఎదుట గోడను వారు బాగుచేశారని మళ్ళీ మళ్ళీ రాసి ఉంది. 8వ వచనంలో బంగారు పనివాడు, సుగంధ ద్రవ్యాలు చేసేవాడు పక్కపక్కన నిలబడి గోడ కడుతున్నారు. 12వ వచనంలో షల్లూము అనే అధిపతి కుమార్తెలు కూడా పనిలో ఉన్నారు. 5వ వచనంలో తెకోవ ఊరి పెద్దలు మాత్రం మెడ వంచలేదు. అదే తెకోవ ఊరి సామాన్యులు తమ భాగం ముగించి, 27వ వచనంలో మరో భాగం కూడా కట్టారు. ఏ ఊరిలోనైనా ఇదే వరుస అని మనకు తెలుసు.

ఇంకో మాట. గోడ 52 దినాల్లో ముగిసింది. అంతటితో పని అయిపోయిందా? 7:4 చూడండి. పట్టణం విశాలంగా ఉంది, అందులో మనుషులు కొద్దిమందే, ఇళ్ళు ఇంకా కట్టలేదు. గోడ ఉండి మనుషులు లేకపోతే అది పట్టణం కాదని నెహెమ్యాకు అర్థమైంది. కాబట్టి తర్వాతి అధ్యాయాల్లో మనుషుల లెక్కలు కూడా ఉన్నాయి.

"అయ్యగారూ, వాళ్ళు ముస్లిములు కదా, మనకెందుకు ఈ కథ" అని ఎవరైనా అడగవచ్చు. బబులోనులో చెరలో ఉన్న తన ప్రజలకు, మీరున్న ఆ అన్యుల పట్టణం క్షేమం కోరి ప్రార్థించమని యిర్మీయా ద్వారా దేవుడు పంపిన ఉత్తరాన్ని గుర్తు చేసుకోండి. యెరూషలేము గుమ్మాలకు దూలాలు ఇచ్చింది కూడా యూదుడు కాని రాజే. క్షేమం పంచడంలో దేవుడు మనకన్నా విశాల హృదయం గలవాడు.

పళ్ళ బండి దగ్గర దొరికిన గురువు

చెత్త ఎత్తారు, గోడలు నిలబెట్టారు. మరి ఆ కిటికీలు ఎవరు చెక్కాలి? ముప్పై ఏళ్ళ యుద్ధంలో గురువులు కొందరు చనిపోయారు, కొందరు దేశం విడిచారు. ఒకప్పుడు రాజభవనానికి చెక్కపని చేసిన ఒక వృద్ధుడు బజారులో పళ్ళు అమ్ముకుంటూ బ్రతుకుతున్నాడు. జాలీ చెక్కగలిగిన చేతులు పళ్ళు తూకం వేస్తున్నాయి. ఆయన్ను తీసుకువచ్చి పిల్లల ముందు కూర్చోబెట్టారు. ఆయనను ఉస్తాద్ అని పిలిచారు. గురువుగారు అని అర్థం.

అలా ఒక చేతిపనుల విద్యాలయం ఏర్పడింది. చెక్కపని, కుండల పని, అక్షర లేఖనం, సూక్ష్మ చిత్రాలు, నగల పని, రాళ్ళు సానబట్టడం అక్కడ నేర్పారు. అబ్బాయిలతో పాటు అమ్మాయిలూ చేరారు. మేకు లేకుండా చిన్న చిన్న చెక్క ముక్కలను ఒకదానిలో ఒకటి దిగవేసి జాలీ చేయడం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. గురువు చెయ్యి చూసి, తప్పు చేసి, మళ్ళీ చేసి నేర్చుకోవాలి. ఒక్క తరం నేర్చుకోకపోతే, తర్వాతి తరం కావాలన్నా నేర్పేవాడు ఉండడు.

నగల పనిలో వాడే నీలి రంగు లాపిస్ రాయి ఆ దేశపు బదక్షాన్ కొండల్లో వేల ఏళ్ళుగా తవ్వుతున్నదే. ప్రధాన యాజకుని పతకంలో ఉన్న నీలము ఇదే రాయి అయి ఉంటుందని చాలామంది బైబిలు పండితుల అభిప్రాయం.

ఇస్తాలిఫ్ కుమ్మరులు కూడా 2001 తర్వాత తమ ఊరికి తిరిగి వచ్చి కొలిములు కట్టుకున్నారు. ఎడారి మొక్కను కాల్చిన బూడిదతో వాళ్ళు వేసే మెరుపు పూత ఆకాశపు నీలిరంగులో ఉంటుంది. 1842లో ఇంగ్లీషు సైన్యం కాల్చిన ఊరు అది. ఆ ఇంగ్లాండు యువరాజు స్థాపించిన సంస్థ ఆ కుమ్మరులతోనూ పనిచేసింది. దానితో పాత పాపం చెల్లిపోయిందని మేము అనం. పాప పరిహారం సిలువ దగ్గరే. కాని పడగొట్టినవారి మునిమనుమలు బుట్ట పట్టుకొని బాగుచేయడానికి రావడం చిన్న సంగతి కాదు. యెషయా 58:12లో దేవుడు తన ప్రజలకు ఇస్తానన్న పేరు ఏమిటో చదవండి. విరిగినదాన్ని బాగుచేసేవాడు అనే పేరు అది.

నిర్గమకాండం 31లో బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచాడు. ఒక మనిషిని దేవుడు తన ఆత్మతో నింపాడని అక్కడ రాసి ఉన్నది ప్రవక్త గురించి కాదు, రాజు గురించి కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పని చేసే మనిషి గురించి. అలాగే 35:34 చూడండి. అతనికీ, అహోలీయాబుకూ ఇతరులకు నేర్పించే మనస్సును కూడా దేవుడే ఇచ్చాడు. పని తెలియడం ఒక వరం. దాన్ని దాచుకోకుండా నేర్పించడం మరో వరం.

మా తాత చెప్పిన జవాబు

ఈ కథ చదివిన ఉత్సాహంలో మేము ఒక తప్పు చేయబోయాం. ఆ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు చెప్పులు కుట్టేవారు. తంగేడు చెక్కతో తోలు ఊనడం, లంద దగ్గర పని, ఆరె పట్టి కుట్టడం అన్నీ తెలిసినవారు. మేము వెళ్ళి, "తాతా, కాబూలులో ఇలా చేశారట. నువ్వు కూడా మన పిల్లలకు ఆ పని నేర్పించకూడదా?" అని అడిగాం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అయ్యగారూ, నా కొడుకు ఆ లంద దగ్గరికి రాకూడదనే గదా నేను అంత కష్టపడింది. నేను కుట్టిన చెప్పులు ఏసుకున్నోళ్ళు నన్ను గుమ్మం ఎక్కనియ్యలేదు. ఇప్పుడు నా మనవడికి ఆరె ఇయ్యమంటావా?"

మా దగ్గర జవాబు లేదు. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు తోలు పని చేసినవారు, మగ్గం నేసినవారు. ఆ పనులు వాళ్ళు ఇష్టపడి ఎంచుకున్నవి కావు. పుట్టుకతో మెడకు కట్టినవి. మిషనరీ బడి, సువార్త, పలక బలపం ఆ కట్టు విప్పాయి. కాబట్టి పాత పనులు ఎంతో గొప్పవి, మళ్ళీ చేద్దాం అని ఎవరైనా తియ్యగా చెప్తే మన పెద్దలకు భయం వేయడం న్యాయమే.

చేతిపని నేర్పితే చాలు, మేలు జరుగుతుందనీ అనుకోకూడదు. గోదావరి జిల్లాల్లో నరసాపురం ప్రాంతపు లేసు అల్లిక మనకు తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీలు బీద స్త్రీలకు నేర్పిన పని అది. ఎన్నో ఇళ్ళలో కరువు రోజుల్లో అన్నం పెట్టింది. కాని వ్యాపారం పెరిగాక విదేశాలకు ఎగుమతి చేసినవాళ్ళు బాగుపడ్డారు. ఇంట్లో కూర్చొని కళ్ళు నొప్పి పుట్టేలా అల్లిన ఆడవాళ్ళకు దక్కింది చాలా తక్కువ. మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఆ స్త్రీల మీద ఒక పుస్తకమే రాశారు. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపుతో పాటు కూలి కూడా పెరగాలని ప్రార్థిద్దాం.

మళ్ళీ వాక్యం దగ్గరకు వెళ్ళాం. అపొస్తలుల కార్యములు 9:43లో పేతురు యొప్పేలో చాలా దినాలు ఎవరి ఇంట్లో ఉన్నాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో. చచ్చిన జంతువుల తోలు ముట్టుకునే పని కనుక యూదులు ఆ పనిని చిన్నచూపు చూసేవారు. ఆ ఇంటి మిద్దె మీదే దేవుడు పేతురుకు దర్శనం ఇచ్చాడు, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధం అనవద్దని నేర్పాడు. పౌలు డేరాలు కుట్టాడు. మన ప్రభువును ఊరివాళ్ళు వడ్లవాడు అని పిలిచారు. పనిలో అవమానం లేదు. పని చేసినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళలో ఉంది అవమానం.

కొన్ని రోజుల తర్వాత మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరకు వెళ్ళాం. ఈసారి నేర్పించమని అడగలేదు. క్షమించమని అడిగాం. తర్వాత కాబూలు ఉస్తాద్ కథ మొత్తం చెప్పాం. జీతం ఇచ్చారని, పిల్లలు తమంతట తాము వచ్చి చేరారని, గురువుగారు అని పిలిచారని చెప్పాం. ఆయన విని, "అట్టా డబ్బులిచ్చి, కుర్చీ ఏసి కూర్చోబెట్టి, మర్యాదగా పిలిస్తే ఎందుకు చెప్పను? ఇష్టమైనోడు నేర్చుకుంటాడు, లేనోడు చదువుకుంటాడు" అన్నారు.

మేము వారాల తరబడి వెదికిన మాట ఆయన ఒక్క నిమిషంలో చెప్పారు. కూలి, గౌరవం, ఇష్టం. ఈ మూడూ ఉంటే అది పునరుద్ధరణ. ఇవి లేకుండా పాత పనిని తిరిగి తెస్తే అది పాత బానిసత్వమే.

పని ఇంకా ముగియలేదు

మురాద్ ఖానీ కథకు ఇంకా సుఖాంతం రాలేదు. 2021 ఆగస్టులో తాలిబాన్ మళ్ళీ కాబూలును పట్టుకున్నారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి తలుపులు మూసేశారు. స్త్రీల ఉద్యోగాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ సంస్థ మాత్రం ఆ దేశంలో పని వదిలిపెట్టలేదు. ఇంతకాలం నేర్చుకున్న అమ్మాయిల చేతుల్లో ఉన్న విద్యను ఏ ప్రభుత్వమూ వెనక్కి తీసుకోలేదు. కాని బయట మార్గం మూసి ఉంటే ఆ చేతులు ఎంత నలిగిపోతాయో మనం ఊహించగలం. ఆ సహోదరీల కోసం ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఒక నిమిషం కేటాయించండి.

యెరూషలేములోనూ అంతే. ఎజ్రా 4వ అధ్యాయంలో మందిరపు పని ఆగిపోయింది, సంవత్సరాల తర్వాత మళ్ళీ మొదలైంది. దేవుని పని ఆగిన చోట చచ్చిపోదు. విత్తనంలా మట్టిలో ఉంటుంది.

ప్రియులారా, ముగింపులో మూడు మాటలు.

మొదటిది, మన గుమ్మం ఎంత లోతున పాతిపోయిందో చూసుకుందాం. మురాద్ ఖానీలో చెత్త ఒక్క రోజులో రెండు మీటర్లు పెరగలేదు. రోజుకు ఒక బుట్ట. మన కుటుంబాల్లో, సంఘంలో కూడా అంతే. ఒక రోజు మాట్లాడుకోకపోవడం, ఒక పాత పగ, ఒక లెక్క చెప్పని కానుక. అలవాటైపోయి వంగి నడుస్తాం, గుమ్మమే చిన్నదనుకుంటాం. గుమ్మం చిన్నది కాదు. దిగువన చెత్త ఉంది. దాన్ని ఎత్తే పని కూడా రోజుకు ఒక బుట్టే.

రెండవది, మన మధ్య పళ్ళ బండి దగ్గర ఉన్న గురువులెవరో వెదుకుదాం. మన పెద్దవాళ్ళలో మగ్గం తెలిసినవారు, చాపలు అల్లేవారు, మంత్రసాని పని చేసినవారు, పాత క్రైస్తవ కీర్తనల రాగాలు తెలిసినవారు ఉన్నారు. వాళ్ళను అరుగు మీద వదిలేసి మనం సెల్‌ఫోనులో వెదుకుతున్నాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క పెద్దవారి పక్కన కూర్చొని, "నీకు ఏం పని వచ్చు, నీకు ఎవరు నేర్పారు" అని అడగండి. నేర్పించమని అడగకముందు వినండి. మేము ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాం.

మూడవది, ఎవరి చేతిపని కొన్నా న్యాయమైన ధర ఇవ్వండి. బుట్ట అల్లే తల్లి దగ్గర పది రూపాయల కోసం బేరమాడి, పెద్ద షాపులో నోరు మెదపకుండా ఇచ్చే అలవాటు మనకుంది. బెసలేలును పేరు పెట్టి పిలిచిన దేవుడు ఆ తల్లి పేరు కూడా ఎరుగును.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, విరిగినదాన్ని బాగుచేసే దేవా, కాబూలులోని ఆ వీధిని, అక్కడి బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాం. మా గుమ్మాల ముందు పేరుకున్నదాన్ని చూసే కళ్ళు ఇవ్వు. మోసేవారికి బలం ఇవ్వు. మా తాతల చేతులను అవమానించిన రోజులను నీవు చూశావు. ఆ చేతులను ఘనపరచే సంఘంగా మమ్మును మార్చు. నజరేతు వడ్లవాడైన యేసు నామమున వేడుకుంటున్నాం తండ్రీ. ఆమేన్.